కవర్లు ఆగిపోయాక

మా కడియంలో స్టాంపుల సరదా మొక్కల వ్యాపారం తోక పట్టుకుని వచ్చింది. ఇంటింటా ఫోన్లు లేని రోజుల్లో నర్సరీ ఆర్డర్లన్నీ ఉత్తరాల మీదే. భువనేశ్వర్ ఆసామికి గులాబీ అంట్లు కావాలి, బెంగళూరు ఆయనకి క్రోటన్లు. మా నాన్న ఉత్తరం చదివి ఆర్డరు పుస్తకంలో ఎక్కించుకునేవారు, కవరు నాకొచ్చేది. స్టాంపున్న మూల చింపి, గోరువెచ్చని నీళ్ళలో వేసి, జిగురు వదిలాక పాత పేపర్ల మధ్య ఆరబెట్టడం అప్పట్లో అందరి పద్ధతీ.

ఇప్పుడు కవరు కవరుగానే దాచాలంటారు. ఎందుకో తెలియాలంటే యానాం వెళ్ళాలి. 1954 దాకా అక్కడ ఫ్రెంచి వాళ్ళ టపా. 1923 నుంచి వాళ్ళ స్టాంపుల మీద ధర ఫనోంలు, కాష్‌లలో ఉండేది. 8 ఫనోంలు ఒక రూపాయి. పుదుచ్చేరిలో అమ్మినా యానాంలో అమ్మినా స్టాంపు ఒక్కటే. గౌతమి ఒడ్డున అతికించిందో కాదో చెప్పేది దాని మీది టపా ముద్రే. మూల చింపితే ఆ ముద్ర సగం పోతుంది, ఎవరు ఎవరికి ఏ తేదీన రాశారో మొత్తం పోతుంది.

నాణేల కథ ఇంకా పాతది. రాజమండ్రి నుంచి ఏలిన రాజరాజ నరేంద్రుడి పలచటి బంగారు నాణేలు, వరాహం గుర్తువి, సముద్రం అవతల అరకాన్ తీరంలో దొరికాయి. డచ్చి వాళ్ళు పాలకొల్లులో, నరసాపురంలో వర్తకం చేశారు. వాళ్ళ కంపెనీ రాగి డబ్బుల మీద మూడక్షరాలు ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి. ఇవన్నీ మ్యూజియం సరుకు. మా ఇళ్ళలో మిగిలింది చిల్లు కానీ. యుద్ధకాలంలో లోహం పొదుపు కోసం 1943లో నడిమికి బెజ్జం పెట్టి కొట్టారు. మా నాయనమ్మ దాన్ని పసిపిల్లల మొలతాడుకి కట్టేది. 1957 ఏప్రిల్ 1న పదహారణాల రూపాయి వంద నయాపైసలైనా ఆవిడ లెక్క మాత్రం అణాల్లోనే నడిచింది. ఆ లెక్కలో నాలుగణాలైన పావలా కూడా 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది.

ఒక్కమాట: పాత రాగి నాణెం కనపడగానే చింతపండు పెట్టి తోమకండి. తళతళలాడుతుంది నిజమే, కానీ తెలిసినవాడు చేత్తో కూడా ముట్టడు.

గోదావరి వంతెన మీద రైల్లోంచి వేసిన నాణేలని పడవల మీద అయస్కాంతాలతో ఏరేవాళ్ళు ఉన్నారు. స్టీలు నాణేలే వాటికి అంటుకుంటాయి. అల్యూమినియం పైసలు మాత్రం గంగమ్మవే.

ఫోను వచ్చాక ఈ సరదాకి కొత్త చీడ పట్టింది. పాత రూపాయికి లక్షలిస్తాం, ముందు కమీషన్ కట్టండి అంటారు మోసగాళ్ళు. వీళ్ళని నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2021లోనే చెప్పింది. అయినా మా నర్సరీ కూలీలు అప్పుడప్పుడూ గుప్పెడు చిల్లర తెచ్చి ధర చెప్పమంటారు.

స్టాంపుల సరదా నిలబెట్టడానికి తపాలా శాఖా తన ప్రయత్నం తను చేసింది. 2006లో గంధం వాసన స్టాంపు, 2007లో గులాబీ, ఆ మరుసటేడు మల్లె. వేసవి పొద్దున్నే మల్లెపూలు కోసే ఊళ్ళో కాగితం వాసన చూడమంటే నవ్వరూ! నేనైతే కొన్నాను. వాసన ఎప్పుడో పోయింది, స్టాంపు ఆల్బంలో ఉంది.

ఇప్పుడు ఆర్డరు వాట్సాప్‌లో, డబ్బు క్యూఆర్ కోడ్‌లో. 2025లో రిజిస్టర్డ్ పోస్టు కూడా స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. మా ఇంటికి స్టాంపు దానంతటది రావడం మానేసింది కాబట్టి నేనే రప్పించుకుంటున్నాను. మొక్కల లోడుతో బయల్దేరే లారీ డ్రైవరు చేతిలో నా అడ్రసు రాసిన అర్ధరూపాయి పోస్టుకార్డు పెడతాను. దిగుమతైన ఊళ్ళో పోస్టాఫీసుకెళ్ళి, ముద్ర స్పష్టంగా వేయించి పంపమంటాను.

"మొక్కలు దిగాయని ఫోటో పెడతాను కదండీ, మళ్ళీ కార్డెందుకండీ?" అంటాడు డ్రైవరు. అయినా పట్టుకెళతాడు. అలా వచ్చినవాటిని లారీ రూట్ల వారీగా పేరుస్తున్నాను. కొన్నిటికి ముద్ర బదులు పెన్నుతో అడ్డంగా గీత గీసి ఉంటుంది. చూడగానే ఒళ్ళు మండుతుంది గానీ, వాటికీ ఒక ఆల్బం తెరిచాను.