పిల్లి కడుపుకు పెట్టే పొడి వెనక కథ

ఎపిసోడ్‌లో మాట్లాడిందే కాస్త సర్ది ఇక్కడ రాస్తున్నాను. షార్జాలో క్యాంపులో ఉండే ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు: "అన్నా, మేం అన్నం పెట్టే పిల్లికి వారం నుంచి మోషన్స్. షాపులో ప్రోబయోటిక్ పొడి తీసుకోమంటున్నారు. అది నిజంగా పనిచేస్తుందా, డబ్బులు గుంజడానికా?" ఆ జవాబు వెతుకుతూ నేను వందేళ్లు వెనక్కి పోయాను.

కథ మొదలైంది మనుషుల పెరుగుతో. 1905లో జెనీవాలో స్టామెన్ గ్రిగొరోవ్ అనే బల్గేరియా కుర్రాడు తన దేశపు పెరుగును మైక్రోస్కోపు కింద పెట్టి, పాలను తోడే బ్యాక్టీరియాను పట్టుకున్నాడు. పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న ఎలీ మెచ్నికోవ్ అయితే, బల్గేరియా పల్లెజనం ఎక్కువకాలం బతకడానికి ఆ పెరుగే కారణమన్నాడు. 1908లో ఆయనకు నోబెల్ వచ్చింది. అది పెరుగుకు కాదు, రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి. జనం మాత్రం పెరుగు మాటే పట్టుకున్నారు. 1920ల్లో ఆంరీ బులార్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఇండోచైనాలో కలరా రోజుల్లో జనం లిచీ, మాంగోస్టీన్ తొక్కలు కాచి తాగడం చూసి, వాటి నుంచి ఒక ఈస్ట్‌ను వేరుచేశాడు. మోషన్స్‌కి మందుల షాపులో అది ఇప్పటికీ దొరుకుతుంది.

పిల్లుల సంగతి గట్టిగా చూడటానికి చాలా ఏళ్లే పట్టింది. 2011లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో, షెల్టర్‌లోని పిల్లుల్లో కొన్నింటికి ఎంటరోకాకస్ ఫేసియం ఎస్‌ఎఫ్ 68 అనే బ్యాక్టీరియా పొడి పెట్టారు, మిగతావాటికి ఉత్త పొడి. రెండు రోజులు గానీ అంతకు మించి గానీ విరేచనాలైనవి పొడి తిన్నవాటిలో 7.4 శాతం, తిననివాటిలో 20.7 శాతం. అక్కడే కుక్కలకూ పెట్టారు గానీ వాటిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

షెల్టర్ అంటే కొత్త చోటు, కొత్త తిండి, ఇరుకు, నిద్ర లేకపోవడం. క్యాంపులో దిగిన మొదటి నెల గుర్తున్నవాళ్లకు ఇంకా విడమరచి చెప్పాలా? ముందు తిరగబడేది కడుపే.

కాబట్టి తమ్ముడూ, అది మోసం కాదు. కానీ కడుపులో పురుగులుంటే ఆ పొడి వాటిని చంపదు. పొడి బదులు బకాలా నుంచి లబన్ తెచ్చి పోద్దామనుకోకండి. అందులో ఉండే బ్యాక్టీరియా వేరు, పైగా పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు. ప్యాకెట్ మీద బ్యాక్టీరియా పేరు, గడువు తేదీ చూసి కొనండి. ఎండకు కాలే కారులో పడేశారంటే అందులో బతికి ఉండాల్సినవి చచ్చిపోతాయి. మన పారాసిటమాల్ మాత్రం ఒక్క ముక్క కూడా పెట్టొద్దు, పిల్లికి అది విషం.

వారం దాటినా మోషన్స్ ఆగకపోయినా, రక్తం పడినా, రోజంతా ఏమీ తినకపోయినా పొడితో కాలం గడపకుండా డాక్టరుకు చూపించండి. ఫీజు ఎక్కువే, గదిలో అందరూ తలా కొంత వేసుకుంటే ఒక్కరి మీద పడదు.