ఇంటికో కరణం

ముందుగా ఒక ఒప్పుకోలు. పోయిన నెల మా ఇంటికి ఇంటర్నెట్ బాగు చెయ్యడానికొచ్చిన కుర్రాడి మీద అరిచాను. తప్పు నాదేనని తర్వాత తెలిసింది.

సంగతేమిటంటే, వారానికి రెండు మూడుసార్లు నా లాప్‌టాప్‌కి ఉన్నట్టుండి నెట్ పోయేది. వైఫై గుర్తు నిండుగానే ఉంటుంది, ఫోనుల్లో అన్నీ వస్తుంటాయి, నా మీటింగు మాత్రం మధ్యలో గుటుక్కు! ఆ అబ్బాయి మూడుసార్లొచ్చాడు. వైరు మార్చాడు, గోడకున్న డబ్బా మార్చాడు. చివరికి "మా వైపు లైను బానే ఉంది సార్" అన్నాడు. "ఇరవై ఏళ్లుగా ఈ కంప్యూటర్లతోనే బతుకుతున్నా, నాకు చెప్తావా?" అన్నాను. పాపం, మారు మాట్లాడకుండా సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు.

తర్వాతొక శనివారం మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు కోసం ప్రింటరు ఆన్ చేసింది. ఆ క్షణంలోనే నా నెట్ పోయింది. అప్పుడు వెలిగింది బల్బు. మా ఇంట్లో 192.168.1.5 అనే నంబరుకి ఇద్దరు హక్కుదారులున్నారు!

ఒకే సర్వే నంబరు ఇద్దరి పేర రాస్తే ఊళ్లో ఏమవుతుందో మనకి తెలుసు. నెట్‌వర్క్‌లోనూ అంతే. మరి ఈ నంబర్లు రాసే కరణం ఎవరు? అక్కడే ఉంది అసలు కథ.

1969లో ఆర్పానెట్ మొదలైనప్పుడు ఉన్నవి నాలుగు కంప్యూటర్లు. అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. నంబర్ల లెక్కంతా జాన్ పోస్టెల్ అనే గడ్డపాయన చూసేవాడు. ఇలా నంబర్లు పంచడానికొక జార్ చక్రవర్తి ఉండాలి, అది నేనేనేమో అని 1972లో సరదాగా రాశాడు కూడా. 1998లో చనిపోయేదాకా ఆ చిట్టా ఆయన చూసుకుంటూనే ఉన్నాడు. ఏ సంస్థకి ఏ నంబర్లో ఆయన దగ్గరుండేది. లోపల ఏ మిషన్‌కి ఏ నంబరో ఆ సంస్థలో ఎవరో ఒకరు చేత్తో రాసుకునేవాళ్లు.

1982లో డేవిడ్ ప్లమ్మర్ ఏఆర్‌పీ అనే పద్ధతి రాశాడు. చాలా సింపులు. "5వ నంబరు ఎవరిది?" అని నెట్‌వర్క్ అంతటికీ వినబడేలా అడుగుతారు. "నాదే" అని ఎవరంటే వాళ్ల మాట నమ్ముతారు. పట్టా చూపించమని అడగరు! ఇద్దరు "నాదే" అంటే? సాధారణంగా చివర విన్న మాటే మిగులుతుంది. మా రూటరు చేసిందీ అదే. నా మీటింగు తాలూకు మాటలన్నీ తీసుకెళ్లి ప్రింటరుకి అప్పజెప్పింది.

చేత్తో రాసే బాధ తప్పించడానికి 1985లో బూట్‌పీ, దాని మీద 1993లో డీహెచ్‌సీపీ వచ్చాయి. నంబరు శాశ్వతంగా ఇవ్వరు, కౌలుకిస్తారు. గడువైతే మళ్లీ అడగాలి. ఈలోగా ఇంకో బెంగ మొదలైంది. ఉన్న నంబర్లు మొత్తం 429 కోట్లే. అందుకని 10తో మొదలయ్యేవీ, 192.168తో మొదలయ్యేవీ ఇంకొన్నీ ఎవరింట్లో వాళ్లు వాడుకోండని 1994లో వదిలేశారు. అలా చేస్తే ప్రతి నంబరుకీ ఒకే యజమాని అన్న సూత్రం పోతుందని అదే ఏడాది నలుగురు గట్టిగా వ్యతిరేకించారు. వాళ్లలో మొదటి పేరు ఎలియట్ లియర్. 1996లో అదే పద్ధతిని ఖాయం చేసిన ఆర్‌ఎఫ్‌సీ 1918 రాసిన ఐదుగురిలోనూ ఆయనున్నాడు! వాదించి, ఆ తర్వాత కలిసి కూర్చుని రాశాడన్నమాట. ఆ పద్ధతి వచ్చాక కూడా కేంద్ర ఖాతాలో నంబర్లు 2011 ఫిబ్రవరిలో అయిపోయాయనుకోండి, అది వేరే కథ.

మన దగ్గర ఎన్టీఆర్ ప్రభుత్వం 1984లో కరణాల్ని తీసేసింది. ఇక్కడ తమాషా ఏమిటంటే, నెట్ పుణ్యమా అని తర్వాత ఇంటికో కరణం వచ్చాడు. మూలన మిణుకుమిణుకుమనే ఆ రూటరే.

ఇక మా ఇంటి తగవుకొద్దాం. నాలుగేళ్ల కిందట ప్రింటరుకి 5 అని నేనే చేత్తో రాశాను. పాత రూటరు 100 నుంచి కౌలుకిచ్చేది కాబట్టి గొడవ లేదు. ఈ ఏడాది నేనే కొన్న కొత్త రూటరు 2 నుంచి ఇస్తుంది. నిజానికి నంబరు తీసుకునే ముందు "ఇది ఎవరిదైనా ఉందా?" అని అడిగి చూసుకోవాలన్న నియమం ఉంది. 2008లో స్టూవర్ట్ చెషైర్ దాన్ని వివరంగా ఆర్‌ఎఫ్‌సీ 5227గా రాశాడు. కానీ అడిగే సమయానికి మా ప్రింటరు ఆఫ్‌లో ఉంటే పలికేదెవరు?

వైద్యం ఐదు నిమిషాలు. రూటరు సెట్టింగుల్లో కౌలు నంబర్లు 100 నుంచి 200 దాకా అని మార్చాను. ప్రింటరు 5లోనే ఉంది. లాప్‌టాప్‌ని ఒకసారి తెంపి కలిపితే కొత్త నంబరు తీసుకుంది. మీ ఇంట్లో ఇలాంటిది జరిగితే, ముందు మీరు చేత్తో నంబరు రాసిన వస్తువేదో గుర్తు తెచ్చుకోండి. పాత రూటరుని రెండో గదిలో వాడుతుంటే అందులో డీహెచ్‌సీపీ ఆపెయ్యండి. ఇంటికి ఇద్దరు కరణాలు పనికిరారు.

ఆ సాయంత్రం కుర్రాడికి ఫోన్ చేసి సారీ చెప్పాను. జరిగింది వివరించాను.

"ప్రింటరా సార్? మొదటి రోజే అడుగుదామనుకున్నా. మీరు కంప్యూటర్లవాళ్లు కదా, అన్నీ చూసే ఉంటారని ఊరుకున్నా" అన్నాడు.