రిజిస్టరులో ఒక వరుస

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు బడి జ్ఞాపకాలే రాద్దామనుకున్నాను. కానీ అవి నాకంటే బాగా రాసేవాళ్లు మన బ్యాచ్‌లోనే పదిమంది ఉన్నారు. అందుకని వేరే సంగతి రాస్తున్నాను. దానికీ మన బడి ఆఫీసు గదిలోని ఇనుప బీరువాకూ సంబంధం ఉంది.

మా నాన్నగారి తద్దినంనాడు పురోహితుడు గారు మూడు తరాల పేర్లు చెప్పమంటారు. నాన్న, తాత, ముత్తాత. ముత్తాత పేరు మా బాబాయి చెబితేనే నాకు తెలిసింది. ఆయన తండ్రి పేరు బాబాయికీ తెలియదు. అక్కడితో మా వంశం ఆగిపోయింది. మీలో చాలామంది పరిస్థితి ఇదే అనుకుంటాను.

రెండేళ్ల క్రితం ఇంగ్లండులో మా అమ్మాయి ఇంట్లో రెండు నెలలు ఉన్నాను. పక్కింటి పెద్దాయన రిటైరైన బస్సు డ్రైవరు. ఒకరోజు టీకి పిలిచి, గోడంత కాగితం పరిచి తన వంశవృక్షం చూపించాడు. పదకొండు తరాలు! అందులో ప్రభువులెవరూ లేరు. అందరూ పాలేర్లు, నేతపనివాళ్లు, రాళ్లు కొట్టేవాళ్లు. పేదవాడి ఇంట్లో నాలుగు వందల ఏళ్ల పేర్లు ఎలా మిగిలాయని అడిగాను. ‘మావాళ్లు ఏమీ రాసిపెట్టలేదు. వాళ్ల గురించి ఎవరో ఒకరు ఒక వరుస రాశారు, అంతే’ అన్నాడు.

వాళ్లు తమ నుంచి మొదలుపెట్టి వెనక్కి నడుస్తారు. మొదటి మెట్టు ప్రభుత్వ రిజిస్టర్లు. ఇంగ్లండులో, వేల్సులో జనన, వివాహ, మరణాల నమోదు 1837 జులై 1న మొదలైంది. పుట్టిన సర్టిఫికెట్టులో తండ్రి పేరు, వృత్తి, తల్లి పేరు, ఆమె పుట్టింటి ఇంటిపేరు ఉంటాయి. ఆ పుట్టింటి పేరు పట్టుకుని తల్లిదండ్రుల పెళ్లి సర్టిఫికెట్టు వెతకాలి. అందులో వధూవరులిద్దరి తండ్రుల పేర్లు, వృత్తులు దొరుకుతాయి. మనం పొలం కొనేముందు లింకు డాక్యుమెంట్లు చూసినట్టే. ఒక్కో కాగితం వెనకటి కాగితానికి దారి చూపిస్తుంది.

ఇందులోనూ లోపాలున్నాయి. 1874 చట్టం వచ్చి జరిమానా పెట్టేదాకా చాలామంది పిల్లల పుట్టుకలు నమోదు కాలేదు. పెళ్లి సర్టిఫికెట్టులో తల్లుల పేర్లకు గడే లేదు. ఆ గడి వచ్చింది 2021 మే నెలలో! విక్టోరియా రాణి కాలం నుంచి నిన్నమొన్నటి వరకు పెళ్లికూతురి తండ్రి ఎవరో రాశారు గాని, కన్నతల్లి ఎవరో రాయలేదు.

రెండో మెట్టు జనాభా లెక్కలు. 1801 నుంచి పదేళ్లకోసారి లెక్కించినా, పేర్లతో సహా దేశమంతటి కాగితాలు దొరికేది 1841 నుంచే. ఆ ఏడు పెద్దవాళ్ల వయసును అయిదు గుణకానికి తగ్గించి రాయమన్నారు. ముప్పైనాలుగేళ్లవాడు ముప్పై అయ్యాడు. 1851 నుంచి ఇంటిపెద్దకు ఏమవుతారో, ఏ ఊళ్లో పుట్టారో కూడా రాశారు. వందేళ్లు గడిచేదాకా ఆ కాగితాలు బయటపెట్టరు. 1931 నాటివి మాత్రం ఎప్పటికీ రావు. అవి 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి.

పుట్టిన ఊరు తెలిస్తే మూడో మెట్టు, ఆ ఊరి చర్చి. దీన్నే పారిష్ రిజిస్టరు అంటారు. ఎనిమిదో హెన్రీ కాలంలో, 1538లో, మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి చర్చికీ ఉత్తర్వు పంపాడు: బాప్తిస్మం, పెళ్లి, ఖననం ఏది జరిగినా పుస్తకంలో రాయాలి, ఆ పుస్తకం తాళమున్న పెట్టెలో ఉంచాలి. కాగితం చివికిపోతోందని 1598లో తోలుకాగితం మీద రాయమన్నారు. ఏటా ఒక నకలు బిషప్పు ఆఫీసుకు పంపమన్నారు. చర్చిలో అసలు పుస్తకం పోయినచోట ఈ నకలే ఇప్పుడు దిక్కు. బ్యాకప్ అనే మాట మనం కంప్యూటర్లొచ్చాక నేర్చుకున్నాం. వాళ్లు నాలుగు వందల ఏళ్ల కిందటే ఆ పని చేశారు.

ఈ పుస్తకాల్లో తేదీలు చదవడం ఒక విద్య. మనకు తెలిసిన న్యూటన్‌నే తీసుకోండి. ఆయన 1642 డిసెంబరు 25న పుట్టాడు. వారం తర్వాత, జనవరి 1న, కోల్‌స్టర్‌వర్త్ చర్చిలో బాప్తిస్మం ఇచ్చారు. అది మన లెక్కలో 1643. అప్పటి ఇంగ్లండు లెక్కలో ఇంకా 1642వ సంవత్సరమే. ఎందుకంటే వాళ్ల కొత్త సంవత్సరం దాదాపు మన ఉగాది రోజుల్లో, మార్చి 25న వచ్చేది. అందుకే న్యూటన్ మరణం పుస్తకాల్లో 1727 అని ఉంటే, వెస్ట్‌మిన్‌స్టర్ ఆబేలోని ఆయన స్మారకం మీద 1726 మార్చి 20 అని ఉంటుంది. రెండూ తప్పు కాదు. 1752లో కేలండరు మార్చాకే ఈ చిక్కు తీరింది.

1754 నుంచి పెళ్లి పుస్తకంలో వధూవరులు సంతకం చెయ్యాలన్న నియమం వచ్చింది. రాయడం రానివాళ్లు ఇంటూ గుర్తు పెట్టేవారు. మన దస్తావేజుల్లో నిశానీ లాంటిది. పెద్దాయన తన పూర్వీకురాలి ఇంటూ గుర్తు ఫొటో చూపించాడు. సిరా కొంచెం మరకైంది. జీవితంలో ఆమె కలం పట్టింది బహుశా ఆ ఒక్కసారే. ఆ కాగితం ముందు ఆయన కాసేపు మాట్లాడలేదు.

ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. ఒకే ఊళ్లో ఒకే పేరుతో ఇద్దరుంటారు. తనకు కావలసిన జాన్ దొరికాడని రెండేళ్లపాటు అతని తాతముత్తాతలను వెతికాడట. చివరికి ఖననాల పుస్తకం తిరగేస్తే ఆ జాన్ ఏడాది నిండకుండానే పోయిన పసిబిడ్డ అని తేలింది. అరవై పేర్ల కొమ్మను కొట్టేశాడు. ‘బాధ వెయ్యలేదా?’ అన్నాను. ‘వాళ్లు మావాళ్లు కానప్పుడు ఉంచుకోవడం దొంగతనం’ అన్నాడు.

నేను తాగునీటి పథకాల ఇంజనీరుని. కాబట్టి ఈ రిజిస్టర్ల విలువ నాకు తెలిసిన దారి ఇంకోటి ఉంది. 1854లో లండనులోని సోహోలో కలరా వచ్చి ఆరు వందలమందికి పైగా చనిపోయారు. డాక్టర్ జాన్ స్నో మరణాల రిజిస్టరు నుంచి వివరాలు తీసుకుని చూస్తే, చాలా ఇళ్లు బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ ఉన్నాయి. పంపు పిడి తీయించారు. మరి ఆ బావి ఎలా పాడైంది? మరుసటి ఏడు హెన్రీ వైట్‌హెడ్ అనే చర్చి గురువు అదే మరణాల రిజిస్టరు చదువుతుంటే ఒక వరుస కనబడింది: ఆ వీధి 40వ నంబరు ఇంట్లో అయిదు నెలల పాప, మరణానికి నాలుగు రోజుల ముందు నుంచి విరేచనాలు. ఆ ఇంటి మురుగుగుంట బావికి మూడడుగుల లోపే ఉంది. తవ్వితే మురుగు బావిలోకి ఇంకుతున్నట్టు తేలింది. రాసిన గుమాస్తాకు అది రోజూ రాసే వరుసల్లో ఒకటి. నీటి ఇంజనీర్లకు మాత్రం అదొక పాఠం.

మన ఇంగ్లీషు దొరల పేర్లు కూడా ఇలాగే భద్రంగా ఉన్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల్లో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు లండనుకు వెళ్లేవి. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. అక్కడ రాళ్లు మోసిన వేలమందిలో మన ముత్తాతల తాతలు ఉండే ఉంటారు. ఏ పుస్తకం తెరిస్తే వాళ్ల పేర్లు దొరుకుతాయి?

ఇక ఇనుప బీరువా సంగతి. మన దేశంలో జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. అంతకుముందు మునసబు గారి పుస్తకం ఉండేది గాని, మా ఊరిది ఇప్పుడు ఎక్కడా దొరకలేదు. కాబట్టి మన తల్లిదండ్రుల్లో చాలామంది పేరు మొదటిసారి కాగితం మీదికెక్కింది బడి అడ్మిషన్ రిజిస్టరులోనే. మా అమ్మ మన బడిలోనే ఆరో తరగతి చదివింది. ఇంగ్లండు నుంచి వచ్చాక హెడ్మాస్టరు గారి అనుమతితో ఆ పుస్తకం చూశాను. అమ్మ పేరు, ఊరు, తాతయ్య పేరు, వృత్తి వ్యవసాయం, పుట్టిన తేదీ 1-7-1952. అదే పేజీలో ఇంకో తొమ్మిదిమంది కూడా జులై ఒకటినే పుట్టారు! తేదీ హెడ్మాస్టరు గారి ఊహే. అయితే 1953 ఆగస్టు గోదావరి వరదలో తడబడుతూ నడిచే తనను చంకనెత్తుకుని గట్టెక్కారని అమ్మ చెబుతూ ఉంటుంది. అంటే ఏడాది సరిపోయింది. పుస్తకం మాటకు మనిషి మాట సాక్ష్యం.

ఆ పేజీ అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. సగం పేజీని చెదలు తినేసింది. స్వర్ణోత్సవానికి సభలు, సన్మానాలు ఎలాగూ ఉంటాయి. వాటితోపాటు పాత అడ్మిషన్ రిజిస్టర్లన్నీ పేజీ పేజీ ఫొటోలు తీయించి, ఒక ప్రతి బడిలో, ఒక ప్రతి సంఘం దగ్గర ఉంచుదామని కోరుతున్నాను. అందుకయ్యే ఖర్చులో నా వంతు నేనిస్తాను. గురువుగార్లు పెద్దమనసుతో అనుమతించాలి.

అమ్మ వరుసలో అమ్మమ్మ పేరు లేదు. ఆ గడి మన రిజిస్టరులోనూ లేదు. ఆ రాత్రి అమ్మను అడిగి అమ్మమ్మ పేరు, ఆమె తల్లి పేరు, పుట్టింటి ఇంటిపేర్లు నోటుబుక్కులో రాసుకున్నాను. మీరు కూడా ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ ఆదివారమే అడగండి.

— ఒక పూర్వ విద్యార్థి, 1986 పదో తరగతి బ్యాచ్