టెక్సాస్ హెల్మెట్ చట్టం: పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసిన చరిత్ర

అమెరికాలోని టెక్సాస్ విస్తీర్ణంలో ఒకనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు రెండున్నర రెట్లు. 2000 నవంబరు 7 తరువాత రోడ్డు ప్రమాదంలో ఒక్కరైనా మరణించని దినం అక్కడ లేదని ఆ రాష్ట్ర రవాణా శాఖే చెబుతున్నది. వేగం, మద్యం, సీటుబెల్టు పట్ల నిర్లక్ష్యం... కారణాలు అనేకం. వైద్యునిగా నా దృష్టిని నిలిపినది మాత్రం మోటారు సైకిళ్ల హెల్మెట్ చట్టం. రోగికి ఒక మందు ఇచ్చి, ఆపి, మళ్లీ ఇచ్చి, మళ్లీ ఆపి చూసిన తీరులో సాగింది దాని కథ.

హెల్మెట్ చట్టం చేయని రాష్ట్రాలకు రహదారి నిధులలో కోత పెట్టే అధికారం 1966లో కేంద్ర ప్రభుత్వానికి దక్కింది. టెక్సాస్ 1968లో అందరికీ హెల్మెట్ తప్పనిసరి చేసింది. 1976లో ఆ కోత భయం తొలగింది. మరుసటి ఏడే 18 ఏళ్లు నిండినవారికి మినహాయింపు వచ్చింది. 1989లో మళ్లీ అందరికీ నిబంధన. 1997 సెప్టెంబరు 1 నుండి మళ్లీ సడలింపు: 21 ఏళ్లు నిండి, శిక్షణ పొందినవారు లేక 10,000 డాలర్ల వైద్య బీమా ఉన్నవారు హెల్మెట్ లేకుండా నడపవచ్చు. మెదడుకు తీవ్ర గాయమైన వ్యక్తికి ఆ దేశపు ఆసుపత్రులలో ఆ సొమ్ము ఎన్నాళ్లు వస్తుందో శాసనకర్తలు ఆలోచించినట్లు లేదు.

ఫలితం త్వరలోనే తెలిసింది. అంతకు ముందు 97 శాతంగా ఉన్న హెల్మెట్ ధారణ 1998 మే నాటికి 66 శాతానికి పడిపోయింది. 1996తో పోల్చితే 1998లో మోటారు సైకిల్ మరణాలు 31 శాతం పెరిగాయి. ఒక్క ఏడాది అంకెను చూసి నిర్ధారణకు రావడం శాస్త్రీయం కాదు, నిజమే. అయితే అదే 1997లో పొరుగు రాష్ట్రమైన ఆర్కన్సా కూడా చట్టాన్ని సడలించింది. అక్కడ పెరుగుదల 21 శాతం.

ఇందులో వింత లేదు. తల నేలను తాకిన క్షణంలో పుర్రె ఆగిపోతుంది, లోపలి మెదడు ఆగదు. హెల్మెట్‌లోని నురుగు పొర నలిగి, ఆ ఆగడాన్ని రెప్పపాటులో కొద్ది భాగమైనా పొడిగిస్తుంది. అనేక అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో హెల్మెట్ వల్ల మరణ ప్రమాదం సుమారు 42 శాతం, తల గాయం 69 శాతం తగ్గుతాయని తేలింది.

వయసును బట్టి ఇచ్చే మినహాయింపులో మరొక చిక్కున్నది. వేగంగా పోయే బండిపై ఉన్నవాడికి 20 ఏళ్లో 22 ఏళ్లో పోలీసుకు ఎట్లా తెలుస్తుంది? పైగా శిక్షణ, బీమా ఉన్నవో లేవో చూడటానికే బండిని ఆపరాదని 2009లో టెక్సాస్ మరో సవరణ చేసింది.

మన మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్‌లో ఇటువంటి మినహాయింపు లేదు. 21 నిండినా 70 నిండినా హెల్మెట్ పెట్టవలసిందే. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో స్థిరపడి, ముచ్చటపడి మోటారు సైకిల్ కొన్న కుమారుడో అల్లుడో ఉన్న పాఠకులు ఈసారి ఫోనులో మాట్లాడినప్పుడు, అక్కడి చట్టం ఏమంటున్నదని కాక, తలపై ఏమున్నదని అడగండి.