చలిగాలిలో ఇంజనుకు కళ్ళెం

మన తిరుత్తణికి సమీపమున గల అరక్కోణంలో 1992 మార్చి 11న భారత నౌకాదళపు విమాన స్థావరం ‘ఐ.ఎన్.ఎస్. రాజాళి’ ప్రారంభమైనది. అచ్చట రెండవ ప్రపంచ యుద్ధకాలం నుండియే విమానాశ్రయం ఉన్నది. నేడు అక్కడి నుండి జెట్ విమానాలు ఎగురుచుండగా, ఆ యుద్ధకాలంలో ఎగిరినవి పిస్టన్ ఇంజనుల విమానాలు. వాటి చోదకులు నేర్వవలసిన విద్యలలో ఒకటి వినుటకు వింతగా తోచును. అది నేలకు దగ్గరగా, చల్లని గాలిలో, ఇంజను శక్తిని అదుపులో పట్టుకొనుట.

చలికి ఇంజను నీరసించునని మనము తలచెదము. అది వేడెక్కక మునుపటి మాట. కందెన నూనె చిక్కబడి కదలదు కనుక, ముందుగా దానిని కాగనీయవలెను. ఆ పిమ్మట కథ తలక్రిందులగును. గాలి చల్లబడిన కొలది సాంద్రత పెరుగును. మన ప్రాంతమున మే నెలలో 40 డిగ్రీలు, ధనుర్మాసపు వేకువన 20 డిగ్రీలు అనుకొందము. ఒకే పీడనం వద్ద ఆ వేకువ గాలి సుమారు 7 శాతం ఎక్కువ సాంద్రముగా ఉండును. సాంద్రమైన గాలిలో ప్రాణవాయువు ఎక్కువ. తగినంత పెట్రోలు తోడైనచో ఇంజను ఎక్కువ శక్తినిచ్చును. సిలిండర్లకు పోవు గాలి పీడనం మారకున్నను, ప్రతి 6 డిగ్రీల చలికి శక్తి సుమారు 1 శాతం పెరుగునని వైమానికుల లెక్క.

ఈ సత్యము విమానంతో పాటే పుట్టినది. 1903 డిసెంబరు 17న కిట్టీహాక్ ఇసుకతిన్నెలపై చలిగాలిలో రైట్ సోదరులు ఎగిరిరి. వారి ఇంజను తొలి క్షణాలలో దాదాపు 16 అశ్వశక్తి నిచ్చి, లోనికి పోవు గాలి ఇంజను వేడికి కాగగానే 12కు తగ్గెడిది.

మొదటి ప్రపంచ యుద్ధం నాటికి సమస్య మరొక రూపు దాల్చినది. ఎత్తున పలుచని గాలిలో శక్తి తగ్గకుండుటకై 1918లో జర్మనులు బి.ఎం.డబ్ల్యు. 3ఎ ఇంజనును యుద్ధవిమానాలకు అమర్చిరి. దానిని నేల దగ్గర పూర్తిగా తెరచినచో మిశ్రమం అదుపు తప్పి ప్రేలి ఇంజను చెడిపోవును. అందుచే ఎత్తుకు చేరిన తరువాతనే తెరువవలసిన వేరొక థ్రాటిల్‌ను అమర్చిరి. అనంతరం గాలిని ఒత్తిపంపు సూపర్‌ఛార్జరు వచ్చినది. దానితో నిగ్రహం మరింత అవసరమైనది.

మన దేశమునకు వత్తము. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుండి బొంబాయికి తెచ్చిన టపాను, నెవిల్ విన్సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చెను. పుస్ మాత్ అను ఆ చిన్న విమానానికి ఇంజను ఒక్కటే. 1949 జనవరిలో రాత్రి విమాన టపా ప్రారంభమైనది. మద్రాసు, బొంబాయి, కలకత్తా, ఢిల్లీల నుండి బయలుదేరిన విమానాలు అర్ధరాత్రి నాగపూరులో కలిసి, సంచులు మార్చుకొని మరలెడివి. ఆ సేవకు ముఖ్యాధారం డకోటా విమానం. దాని రెండు ఇంజనులలో ఒక్కొక్కటి 1,200 అశ్వశక్తి గలది. పైకి లేచునప్పుడు పీడన సూచిక 48 అంగుళాల గీతను దాటరాదు. నాగపూరు శీతాకాలపు రాత్రిలో, నేలమట్టమున, థ్రాటిల్‌ను ఆ గీతకు మించి నెట్టుటకు వీలున్నను పైలటు చేయి అచ్చట ఆగవలెను. మించినచో సిలిండర్లకు ముప్పు. ఇంజను ఆగినచో ప్రాణాలకే ముప్పు.

చలి చేయు మోసం మరొకటి కలదు. తేమగాలిలో, వెలుపల 20 డిగ్రీలున్నను, కార్బ్యురేటరులో పెట్రోలు ఆవిరియగుటచే లోపల మంచు పేరుకొనును. శక్తి తగ్గించి దిగుచున్నప్పుడు ఈ అపాయం హెచ్చు. ఎత్తు తక్కువైనచో సరిదిద్దుకొను వ్యవధి ఉండదు. కనుక ముందే వేడిగాలిని లోనికి మళ్ళించవలెను. అందుచే కొంత శక్తి తగ్గునని ఎరిగియే ఆ పని చేయుదురు.

నేటికిని శిక్షణ విమానాలలో అధికభాగం పిస్టన్ ఇంజనులవే. అరక్కోణం వైపు ఎగురు విమానాలను చూచి పైలటు కావలెనని కోరుకొను మన విద్యార్థికి తొలినాళ్ళలోనే ఈ పాఠం ఎదురగును. భౌతికశాస్త్ర తరగతిలో గాలి ఉష్ణోగ్రతకు, సాంద్రతకు గల సంబంధమును వ్రాసిన ఆ చేతికే ఒకనాడు థ్రాటిల్ అందవచ్చును. ఈ ప్లాటినం జూబిలీ వేళ మన పిల్లలు ఆ సూత్రమును మార్కుల కొరకే గాక, అది కాపాడిన ప్రాణాలను తలచుకొని నేర్తురని ఆశింతము.