అక్షరముల నుండి పుట్టిన వైరస్

1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి లోకమున లేదని ప్రకటించెను. పిదప మశూచి టీకాలు మానివేసితిమి. రోగి యెక్కడను లేడు. మిగిలిన వైరస్ కొలదిపాటి ప్రయోగశాలలలో తాళము క్రింద నున్నది. ఇక భయమేల యని అందరును తలచిరి. 2002లో న్యూయార్కు రాష్ట్రమందలి స్టోనీబ్రూక్ విశ్వవిద్యాలయమున జరిగిన యొక ప్రయోగము ఈ నిశ్చింతను కదల్చినది.

అచ్చట ఎకార్డ్ విమ్మర్, ఆయన సహచరులు పోలియో వైరసును తయారు చేసిరి. రోగి నుండి తెచ్చి పెంచుట కాదు, తయారు చేయుటయే. ఈ వైరసు జన్యుపదార్థమున సుమారు 7,500 అక్షరములు కలవు; వాని వరుస 1981 నుండియే అచ్చులో నున్నది. ఆ వరుస ననుసరించి చిన్న చిన్న డి.ఎన్.ఏ. తునకలను వ్యాపార సంస్థ నుండి తెప్పించి, గొలుసుగా కూర్చి, ఒక ఎంజైము సాయమున ఆర్.ఎన్.ఏ.గా మార్చిరి. మానవ కణములను చితుకగొట్టి తీసిన సారములో దానిని వేయగా, బ్రతికియున్న కణ మొక్కటియు లేకుండగనే, వైరసులు ఏర్పడెను! వానిని ఎక్కించిన ఎలుకలకు పక్షవాతము వచ్చెను. గుర్తుకొరకు అక్షరములను అక్కడక్కడ మార్చియుండుటచే ఈ వైరస్ సహజమైన దానికన్న చాల బలహీనము.

వెంటనే వివాదము చెలరేగెను. జన్యుశాస్త్రజ్ఞుడైన క్రెయిగ్ వెంటరే దీనిని నిరసించెను. ఇట్టిది సాధ్యమని లోకము ఎరుగవలెనని విమ్మర్ వాదము. నా మట్టుకు విమ్మర్ మాటయే సబబుగా తోచును. టీకాలు వేయుచున్న కాలమున ఆ పోలియో వైరస్ వలన ముప్పు స్వల్పము. భయపడవలసినది ఆ పద్ధతికి. 2018లో కెనడా శాస్త్రజ్ఞులు రెండు లక్షలకు పైగా అక్షరములు గల గుర్రపు మశూచి వైరసును గూడ కొని తెచ్చిన తునకలతోనే నిర్మించినట్లు ప్రకటించిరి. అది మన మశూచికి దగ్గరి చుట్టము.

అయితే ఈ విద్యయే మందును గూడ నిచ్చినది. పోలియో చుక్కలలోని జీవ వైరస్ అరుదుగా మరల బలము పుంజుకొని పక్షవాతము కలిగించును. అట్లు తిరుగబడుట తగ్గునట్లు అక్షరములు దిద్దిన రెండవ రకపు క్రొత్త టీకాకు 2020 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర అనుమతి నిచ్చెను.

భారతదేశము పోలియో రహితమని 2014లో ధ్రువపడినది. లోకమంతట పోలియో పోయిన నాడు, మశూచి టీకావలె దీనిని గూడ మానవచ్చునా? వరుస పుస్తకములలో నున్నది. తునకలు అంగడిలో దొరకును. కావున కావలి అంగడి యొద్దనే యుండవలెను. 2009లో కొన్ని డి.ఎన్.ఏ. సంస్థలు సంఘముగా నేర్పడి, వచ్చిన ప్రతి ఆర్డరును ప్రమాదకర క్రిముల వరుసలతో సరిచూచుటకు, కొనువా రెవరో విచారించుటకు ఒప్పుకొనెను. సంఘమున చేరని సంస్థలను ఆ ఒప్పందము కట్టడి చేయజాలదు.