సమ్నర్ కోర్టు: తీర్పునూ స్మారకాన్నీ నిర్ణయించిన ఓటర్ల జాబితా

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో టాలహాచీ కౌంటీ ఉంది. ఆ పల్లెసీమలో సమ్నర్ ఒక చిన్న ఊరు. అక్కడి కోర్టు భవనం చరిత్రను ఇప్పుడు దాదాపు అందరూ ఒకే తీరున చెబుతున్నారు. 1955లో ఘోరమైన అన్యాయం జరిగింది, ఆ తర్వాత యాభై ఏళ్లు ఊరు నోరు మెదపలేదు, 2007లో మనస్సాక్షి మేలుకొని విచారం ప్రకటించింది, ఆపైన ఫలకాలు వెలిశాయి. ఇందులో తేదీలకేం లోటు లేదు, కారణాలే లేవు. తీర్పు ఎందుకు అలా వచ్చింది? స్మారకం ఎందుకు అప్పుడే వచ్చింది? ఈ రెండింటికీ జవాబు మనుషుల గుండెల్లో కంటే ముందు ఓటర్ల జాబితాలో వెతకాలని నా వాదన.

తొలి దశ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నదికి ఇటూ అటూ పరుచుకున్న ఈ కౌంటీకి చార్లెస్టన్‌లో ఒకటి, సమ్నర్‌లో ఒకటి, రెండు కోర్టులున్నాయి. గడియారపు గోపురంతో సమ్నర్ భవనం 20వ శతాబ్ది మొదట్లో లేచింది. అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన పోరాడినవారి స్మారకాన్ని 1913లో దాని ముంగిట నిలబెట్టారు. అప్పటికి యుద్ధం ముగిసి 48 ఏళ్లు. 1890 నాటి రాష్ట్ర రాజ్యాంగం చదువు పరీక్షల పేరిట, పోల్ టాక్స్ పేరిట నల్లవారి ఓటును ఊడబెరికి 23 ఏళ్లు. కోర్టు ముంగిట ఎవరిని తలచుకోవాలో ఓటు మిగిలినవారే తేల్చారు.

1955 సంగతి లోకానికి తెలిసిందే. షికాగో నుంచి చుట్టాలింటికి వచ్చిన 14 ఏళ్ల నల్లజాతి కుర్రాడు ఎమ్మెట్ టిల్‌ను ఆగస్టు 28 వేకువకు ముందు ఎత్తుకుపోయారు. మూడు రోజుల తర్వాత అతని శవం మెడకు ముళ్లతీగతో కట్టిన పత్తి జిన్ను ఫ్యానుతో నదిలో తేలింది. తల్లి మేమీ శవపేటిక మూయనివ్వలేదు, తన బిడ్డకు ఏం చేశారో లోకాన్ని చూడమంది. శవం టాలహాచీ పరిధిలో దొరికిందన్న లెక్కన విచారణ సమ్నర్‌కు వచ్చింది. టిల్ తాతయ్య వరస మోజెస్ రైట్ నిండు కోర్టులో లేచి నిందితులను వేలెత్తి చూపాడు. అయినా సెప్టెంబరు 23న జ్యూరీ 67 నిమిషాల్లో ఆ నిందితులను, తెల్లవారైన రాయ్ బ్రయంట్, జె. డబ్ల్యూ. మైలమ్‌లను నిర్దోషులుగా వదిలేసింది.

నాకు పేచీ ఉన్నది ఇక్కడే. బయటి పత్రికలూ ఉత్తరాది సంఘాలూ మీదపడి నిందించడంతో ఊరివాళ్లు బిగుసుకుపోయి అలా తీర్పిచ్చారని ఒక వివరణ చాలాకాలంగా చలామణిలో ఉంది. దాన్ని అదే కోర్టులో ఆరు నెలలకే జరిగిన మరో విచారణతో పోల్చి చూడాలి. 1955 డిసెంబరులో పక్కనే ఉన్న గ్లెండోరాలో క్లింటన్ మెల్టన్ అనే నల్లజాతి కార్మికుణ్ణి, పెట్రోలు బంకులో పనిచేస్తుండగా, మైలమ్ మిత్రుడు ఎల్మర్ కింబెల్ కాల్చి చంపాడు. మెల్టన్ బయటివాడు కాడు, ఊళ్లో మంచి పేరున్నవాడు. స్థానిక లయన్స్ క్లబ్ ఆ హత్యను ఖండించింది. బంకు యజమాని తెల్లవాడై ఉండి కూడా కింబెల్‌కు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. ఈసారి లోకపు పత్రికల దండు దిగలేదు. అయినా 1956 మార్చిలో కింబెల్ నిర్దోషిగా బయటికి నడిచాడు. టిల్ కేసు వేడి ఇంకా చల్లారలేదు గనుక ఆ ప్రభావం కొంత ఉందంటే ఒప్పుకుంటాను. కానీ రెండు కేసుల్లోనూ మారనిది ఒకటుంది. జ్యూరీని ఓటర్ల జాబితా నుంచే ఏరేవారు. కౌంటీ జనాభాలో నల్లవారే ఎక్కువైనా 1955లో వారిలో ఒక్కరి పేరూ ఆ జాబితాలో లేదు. ఆడవాళ్లకు మిసిసిపీ జ్యూరీల్లో 1968 దాకా చోటే లేదు. సాక్షి ఎవరైనా, హతుడు ఎవరైనా, తీర్పు చెప్పే పన్నెండుగురు ఆ ఒక్క జాబితా నుంచే వచ్చారు.

ఆ జాబితా కాపాడిన తీర్పు తర్వాత చరిత్రను కూడా వంకర చేసింది. ఒకసారి వదిలేశాక అదే నేరానికి మళ్లీ విచారించే వీల్లేదు గనుక, బ్రయంట్, మైలమ్ ఇద్దరూ డబ్బు తీసుకుని పాత్రికేయుడు విలియం బ్రాడ్‌ఫర్డ్ హ్యూయీకి తమ నేరం చెప్పుకున్నారు. 1956 జనవరి ‘లుక్’ పత్రికలో అది వచ్చింది. అందులో హంతకులు ఇద్దరే. డ్రూ దగ్గర మైలమ్ సోదరుడు సాగుచేసే పొలంలోని కొట్టం నుంచి దెబ్బల చప్పుడు విన్నానని విల్లీ రీడ్ అనే 18 ఏళ్ల కుర్రాడు కోర్టులో ప్రమాణం చేసి చెప్పాడు. పక్కనున్న సన్‌ఫ్లవర్ కౌంటీలోని ఆ కొట్టం పత్రిక కథనంలో మాయమైంది. కొట్టం పేరెత్తితే ఇంకా విచారణ ఎదుర్కోని మిగతావారు బయటపడతారు. సాక్షి మాట మరుగునపడి హంతకుల మాటే చరిత్రగా నిలబడింది. రైట్, రీడ్ ఇద్దరూ షికాగో వెళ్లిపోవాల్సి వచ్చింది.

ఇక యాభై ఏళ్ల మౌనం సంగతి. మౌనంగా ఉన్నది కోర్టు. నల్లవారి పత్రికలు, కుటుంబాలు, 2003లో కన్నుమూసేదాకా మేమీ, ఎన్నడూ మౌనంగా లేరు. 1965 ఓటుహక్కు చట్టం తర్వాత కూడా, నియోజకవర్గాల గీతలమీద పోరాడి కౌంటీ పాలకమండలిలో అడుగుపెట్టడానికి నల్లవారికి దశాబ్దాలు పట్టింది. ఆ మండలికి తొలి నల్లజాతి అధ్యక్షుడైన జెరోమ్ లిటిల్ చొరవతోనే 2006లో టిల్ స్మారక కమిషన్ ఏర్పడింది. 2007 అక్టోబరు 2న కోర్టు ముందు టిల్ కుటుంబానికి విచారం తెలిపిందీ, భవనాన్ని 1955 నాటి రూపానికి తెచ్చే పని తలకెత్తుకున్నదీ ఆ కమిషనే. ఓటొక్కటే ఇదంతా చేసిందని నేననను. 1955లో విచారణను స్వయంగా చూసిన తెల్లజాతి మహిళ బెట్టీ పియర్సన్ వంటివారు కలిసిరాకపోతే కమిషన్ నిలిచేది కాదు. కానీ అలాంటి మనస్సాక్షి 1955లోనూ ఉంది. దానికి అప్పుడు అధికారం లేదు.

ఇప్పటి స్థితి చూస్తే గౌరవమూ అసంతృప్తీ రెండూ కలుగుతాయి. 2015లో పాత రూపుతో తెరుచుకున్న కోర్టు గది విలువైనది. శవం తీసిన చోటుగా భావించే గ్రాబాల్ రేవులో 2008లో పెట్టిన బోర్డును దొంగిలించారు, తర్వాతివాటిని తూటాలతో తూట్లు పొడిచారు. వాటిలో ఒకదాన్ని 317 రంధ్రాలతో స్మిత్సోనియన్ మ్యూజియం ప్రదర్శించింది. 2019లో తూటాలకు లొంగని బోర్డు నిలిపినవారి పట్టుదలకు దండం పెట్టాలి. 2023 జులై 25న సమ్నర్ కోర్టు, గ్రాబాల్ రేవు, షికాగోలో అంత్యక్రియలు జరిగిన చర్చి కలిపి జాతీయ స్మారకమయ్యాయి. కానీ అసలు హత్య జరిగిన కొట్టం ఆ ప్రకటనలో లేదు. కోర్టు ముందు 2007 నాటి ఫలకం ఇద్దరి పేర్లే చెప్పి, పత్రికకు వాళ్లిచ్చిన ఒప్పుకోలును ప్రస్తావిస్తుంది. రీడ్ చెప్పిన కొట్టం ఊసు అందులో లేదు. కోర్టు గదిని టిల్ కేసు విచారణ జరిగిన ఒక్క వారానికే అంకితం చేయడంతో, అక్కడే న్యాయం దక్కని మెల్టన్ పక్కకు జరిగిపోయాడు.

అన్నిటికంటే పెద్ద లోటు, ఆ గదిలో పన్నెండు కుర్చీలు చూసినవారికి వాటిలో కూర్చునే అర్హత ఎవరికి, ఎందుకు ఉండేదో మొట్టమొదట చెప్పకపోవడం. అది చెప్పని స్మారకం చూసినవారికి దుఃఖాన్ని మిగులుస్తుంది గాని, అన్యాయం ఏ యంత్రాంగంతో నడిచిందో నేర్పదు. ఓటర్ల జాబితాలు ఇంకా తగాదాల్లో ఉన్న దేశానికి ఆ పాఠమే ముఖ్యం.